సయాం-బర్మా రైలుమార్గపు ఆవిరి ఇంజనులు: పరిరక్షణమును గూర్చి కొన్ని విచారములు

రెండవ ప్రపంచయుద్ధమున పనిచేసి నేటికిని మిగిలియున్న ఆవిరి ఇంజనులను కాపాడుట గడచిన యేబది యేండ్లలో పెక్కు దేశములందు ఒక ఉద్యమముగా సాగినది. మ్యూజియములవారు, రైల్వే శాఖలవారు, జీతభత్యముల నాశింపక సెలవుదినములలో మసి పూసుకొని శ్రమించు ఔత్సాహికులు ఈ పనికి పూనుకొనిరి. తెలుగుశాఖ వెలువరించు సంచికలో ఇంజనుల ప్రసక్తి యేల యని పాఠకులకు సందేహము కలుగవచ్చును. చరిత్రకు ఆధారములైన వస్తువులను ఎవరు, ఏ రూపమున, ఏ వివరణముతో నిలుపుదురను ప్రశ్న శాసనములకును తాళపత్రములకును ఎట్లు వర్తించునో ఇనుప యంత్రములకును అట్లే వర్తించును. అంతేకాదు, మేము ఇచట ప్రధానముగా పరిశీలింపబోవు ఇంజనులు నడచిన మార్గమున మన భాష మాటాడువారును అడవి నరికి, మట్టి మోసి, మరణించిరి. ఆ సంబంధమును ముందు వివరింతుము.

యుద్ధమునకని ప్రత్యేకముగా తయారైన ఇంజనులకు ఒక సమానలక్షణము గలదు. అవి చిరకాలము మన్నవలెనని వానిని నిర్మించినవారే కోరలేదు. జర్మనీలో 1942లో ఆరంభమై ఆరువేలకు మించి తయారైన 52వ తరగతి ఇంజనులలో, మాతృకయైన 50వ తరగతి యందలి భాగములు అనేకము తొలగింపబడినవి; మిగిలినవానిలో పెక్కింటి రూపము సులభము చేయబడినది. బ్రిటనున ఆర్. ఎ. రిడిల్స్ రూపొందించిన 2-8-0 ఇంజనుకు 'ఆస్టెరిటీ' అనియే పేరు; పొదుపు పేరులోనే యున్నది. ఈ రకమునకు చెందినవి 935 తయారయ్యెను. యుద్ధానంతరము బ్రిటిష్ రైల్వేలవారు వానిలో 733 కొని, 1967 వరకు వాడి, ఒక్కటియైనను మిగుల్పక తుక్కు చేసిరి. నేడు ఇంగ్లండులోని కీత్లీ అండ్ వర్త్ వ్యాలీ రైల్వేలో కనబడు ఏకైక ఆస్టెరిటీ 2-8-0 వారి ఆదరమువలన మిగిలినది కాదు. అది 1945లో తయారై, నెదర్లాండ్సున పనిచేసి, పిదప స్వీడనుకు అమ్ముడుపోయి, అచటివారు అత్యవసర సమయమునకని దాచియుంచుటచేత బ్రతికి, 1973లో స్వదేశము చేరెను. దీనిని బ్రిటిష్ రైల్వేల ఇంజనువలె తీర్చిదిద్దినపుడు 90733 అను సంఖ్యను వేసిరి. ఆ రైల్వేలవారి వరుస 90732తో ముగిసినది. అనగా ఆ సంఖ్యగల ఇంజను ఎన్నడును లేదు. ఈ చిన్న విషయమును మేము ఎగతాళికి చెప్పుట లేదు. కాపాడబడిన యంత్రము తన జీవితమునంతయు మన యెదుట నిలుపదు. కాపాడినవారు కోరిన ఒక ఘట్టమునే నిలుపును. కొన్నియెడల ఆ ఘట్టము సైతము కల్పితమై యుండును.

అమెరికా సైన్యము 1942 మొదలు 2,120 వరకు తయారుచేయించిన ఎస్-160 తరగతి ఇంజనులు ఐరోపా, ఆఫ్రికా, చైనాలకు వ్యాపించినవి. మన దేశమునకును యుద్ధకాలమున అమెరికానుండి పలురకముల ఇంజనులు వచ్చెను. బాల్డ్విన్ సంస్థ 1943లో నిర్మించిన ఏడబ్ల్యుఈ తరగతి 22907 సంఖ్యగల ఇంజను హర్యానాలోని రేవారి షెడ్డువారి సంరక్షణకు వచ్చినది. వీనిని గూర్చి వ్రాసినవారు పలువురు గలరు. సయాం-బర్మా మార్గపు జపాను ఇంజనుల కథ అట్టిది కాదు. అవి యుద్ధమునకు పుట్టినవి కావు. యుద్ధమునకు పట్టి తేబడినవి.

జపాను ప్రభుత్వ రైల్వేలలో సి-56 అను తరగతి 1935లో మొదలై 1939 వరకు తయారైనది. 'సి' అను అక్షరము మూడు చోదకపు ఇరుసులను తెలుపును. చక్రముల అమరిక 2-6-0. బరువైన ఇంజనులను మోయజాలని గ్రామీణ శాఖామార్గములకై దీనిని రూపొందించిరి. అట్టి మార్గముల కొసలందు ఇంజనును త్రిప్పుటకు టర్న్‌టేబిల్ ఉండదు. కావున వెనుకకు నడుపునపుడు డ్రైవరుకు దారి కనబడునట్లు టెండరు ప్రక్కలను పైభాగమున కోసి సన్నము చేసిరి. చూచిన వెంటనే ఈ తరగతిని గుర్తించుటకు ఇదియే ఆనవాలు. జపాను నడిమి కొండలలోని కోఉమి శాఖామార్గమున నడచినవానిని జనులు ముద్దుగా 'కొండసీమ తట్టుగుఱ్ఱము' అని పిలుచుకొనిరి. పాలు, కూరలు, కలప, బడిపిల్లలు; వాని బరువు ఇంతియే.

1941లో సైన్యము ఈ తరగతిలో 1 మొదలు 90 వరకు సంఖ్యలు గల ఇంజనుల నన్నింటిని స్వాధీనము చేసికొనెను. జపాను గేజి 1,067 మిల్లీమీటర్లు. సయాం, బర్మా, మలయాలది మీటరు గేజి. చక్రముల ఎడము 67 మిల్లీమీటర్లు తగ్గించి వానిని ఓడలపై దక్షిణమునకు పంపిరి. 91 మొదలుకొని తరువాతి సంఖ్యలవి స్వదేశమున నిలిచెను. తరగతిలో కడపటిదైన సి-56 160 ఇంజను ఉత్సవపు బండ్లను లాగుచు 2018 వరకు పట్టాలపై నడచి, క్యోటో రైల్వే మ్యూజియమున విశ్రాంతి గైకొన్నది. 90 అను ఒక్క అంకె ఒకే తరగతి బిడ్డల గతులను రెండుగా చీల్చినది.

ఆ మార్గపు నిర్మాణమును గూర్చి క్లుప్తముగా చెప్పుట అవసరము. సింగపూరు 1942 ఫిబ్రవరి 15న జపానుకు లొంగినది. బర్మాలోని జపాను సేనలకు సముద్రముమీదుగా సరుకులు పంపుట అపాయకరమగుటచే సయాంలోని నాంగ్‌ప్లాడుక్‌నుండి బర్మాలోని తన్‌బ్యూజయాత్ వరకు 415 కిలోమీటర్ల మార్గమును అడవులు, కొండలమీదుగా వేయ నిశ్చయించిరి. ఇందు 304 కిలోమీటర్లు సయాంలోనివి, 111 బర్మాలోనివి. జపాను సైన్యపు 9వ రైల్వే రెజిమెంటు సయాం వైపునుండియు, 5వ రెజిమెంటు బర్మా వైపునుండియు పని నడిపించెను. పట్టాలలో చాల భాగము మలయా తూర్పుతీరపు మార్గమునుండి ఊడదీసి తెచ్చినవే. 1943 వర్షకాలమున గడువు ముంచుకొని రాగా పని వేగమును పెంచిరి. అప్పుడే కలరా వ్యాపించెను. 1943 అక్టోబరు 17న రెండు కొసలు కొన్‌కొయిటా వద్ద కలిసినవి. 25న ప్రారంభోత్సవము. అరువదివేలకు మించిన బ్రిటిషు, డచ్చి, ఆస్ట్రేలియా, అమెరికా యుద్ధఖైదీలలో పండ్రెండువేలకు పైగా మరణించిరి. ఆసియా కూలీలు రెండు లక్షల ప్రాంతమువారని అంచనా; వారిలో మరణించినవారు తొంబదివేల వరకు ఉందురని చెప్పుదురు. ఖైదీల మృతుల సంఖ్య లెక్క, కూలీల మృతుల సంఖ్య అంచనా. ఈ భేదమును పాఠకులు మనసున నుంచుకొనగోరెదము.

యుద్ధము ముగిసిన పిదప సయాం భాగమును థాయి ప్రభుత్వము బ్రిటనునుండి 12 లక్షల 50 వేల పౌండ్లకు కొనెను. సరిహద్దు ప్రాంతపు పట్టాలను ఎత్తివేసిరి. 1949లో కాంచనబురి వరకు, 1952లో వాంగ్‌పో వరకు, 1958లో నామ్‌తోక్ వరకు మార్గము మరల తెరువబడినది. నేడు బండ్లు నడచునది అంతవరకే. సి-56 ఇంజనులలో 46 థాయి రైల్వేలపాలై 701 మొదలు 746 వరకు క్రొత్త సంఖ్యలను పొందినవి. 1970ల దశాబ్దము వరకు అవి సాధారణపు బండ్లను లాగుచునే యుండెను. యుద్ధమున పనిచేసినది నాలుగేండ్లలోపు. శాంతికాలమున మూడు దశాబ్దములు. ఈ సంగతిని ఏ ప్రదర్శనశాలయు ముఖ్యముగా చెప్పినట్లు కానరాదు.

1979లో రెండు ఇంజనులు జపానుకు తిరిగి చేరెను. థాయి రైల్వేలలో 725గా ఉండిన సి-56 31 టోక్యోలోని యాసుకుని దేవాలయమునకును, 735గా ఉండిన సి-56 44 షిజువోకా మండలములోని ఓయిగావా రైల్వేకును చేరినవి. ఒకే యేట, ఒకే దేశమునుండి వచ్చిన ఈ రెండు యంత్రముల పిదపటి చరిత్ర పరిరక్షణమును గూర్చి ఆలోచించువారికి చక్కని పాఠము.

యాసుకుని 1869లో, యుద్ధములందు మరణించినవారి ఆత్మలకై నెలకొల్పబడిన షింటో దేవాలయము. టోక్యో విచారణయందు ప్రధాన యుద్ధనేరస్థులుగా విచారింపబడినవారిలో పదునలుగురిని 1978లో అచట ప్రతిష్ఠించిరి. ఆ మరుసటి యేడే, రైల్వే రెజిమెంట్లలో పనిచేసిన మాజీ సైనికుల పూనికచే ఇంజను వచ్చినది. 1943 నాటి ప్రారంభోత్సవమున పాల్గొన్న ఇంజను ఇదియే యని ఆలయమువారు చెప్పుదురు. 2002లో పునరుద్ధరింపబడిన యూషూకాన్ మ్యూజియపు అద్దాల ముంగిటిశాలలో, నావికాదళపు జీరో విమానము ప్రక్కన, నల్లగా మెఱయుచు అది నిలిచియున్నది. ఈ శాలకు ప్రవేశరుసుము లేదు. ఇనుమును కాపాడుట యందు ఇంతకంటె మేలైన పద్ధతి ఉండదు: వానయెండలు తాకవు, నిప్పు రగులదు, ఒక్క బోల్టు అరుగదు. కాని దాని ప్రక్కనున్న వివరణము రైల్వే సైనికుల నేర్పును, మార్గనిర్మాణపు కష్టమును చెప్పునే గాని, ఆ పనిలో మరణించిన ఖైదీలను కూలీలను చెప్పదను విమర్శ చిరకాలముగా నున్నది. ఈ విమర్శ న్యాయమైనదనియే మా యభిప్రాయము. అచట కాపాడబడినది నిర్మించినవారి గర్వము; నిర్మాణపు వెల కాదు.

సి-56 44 గతి వేరు. దాని చక్రములను మరల 1,067 మిల్లీమీటర్లకు జరిపి, బాయిలరును బాగుచేసి, 1980లో ఓయిగావా లోయలోని పర్యాటకుల బండికి కట్టిరి. 2007లో జపాను-థాయి దౌత్యసంబంధములకు 120 యేండ్లు నిండిన సందర్భమున దానికి థాయి రైల్వేల వేషమును వేసిరి. కొన్ని యేండ్లకు మరల నల్లరంగు పూసిరి. 2015లో బాలల కథలలోని థామస్ అను ఇంజనుకు జతగా, జేమ్స్ అను ఎఱ్ఱని ఇంజను రూపమును దానికి దిద్ది, ముందు నవ్వుమొగమును అమర్చిరి. మరణమార్గమున నడచిన ఇంజను పిల్లలను నవ్వించుటకు ఎఱ్ఱరంగు పూసికొన్నది. ఇది విన్నవారిలో కొందరు ఉలికిపడుదురు. మేము అంత కఠినముగా తీర్పు చెప్పజాలము. బడిపిల్లల బండికని పుట్టిన యంత్రము బడిపిల్లలను చేరుట అన్యాయమని ఎట్లనగలము? దానిని నడుపుటవలన నిప్పు వేయు విద్య, బాయిలరును కనిపెట్టు విద్య, సవరించు విద్య క్రొత్త చేతులకు అందినవి. అద్దాల గదిలోని ఇంజను ఈ విద్యలను నేర్పదు. అయితే నడచు ఇంజను తన్ను తాను తినును. ప్రతి పెద్ద సవరణయందును పాతగొట్టములు, పాతరేకులు పోయి క్రొత్తవి వచ్చును. థాయి దేశమున చేరిన గుర్తులు, యుద్ధమున పడిన అతుకులు ఒక్కొక్కటే తొలగును. రూపము నిలుచును, సాక్ష్యము కరగును. ప్రాచీన తాళపత్రమును పదేపదే క్రొత్త ఆకులపై వ్రాసికొన్న లేఖకులవలన కావ్యము మనకు దక్కినది, మూలప్రతి దక్కలేదు. ఆ న్యాయమే ఇచటను.

మూడవ పద్ధతి థాయి దేశమునది. 713, 715 సంఖ్యలుగల ఇంజనులు, అనగా పూర్వపు సి-56 15, సి-56 17, దేశము విడువక, మీటరు గేజి విడువక, బాంకాకులోని తోన్‌బురి షెడ్డువారి సంరక్షణమున నిలిచినవి. కాంచనబురి వంతెన యుత్సవములకు వీనిని నడుపుట కలదు. పుట్టినచోటికి మరలక, పనిచేసినచోటనే మిగిలిన యంత్రములగుటచే చరిత్రదృష్టితో వీనికి మేము అగ్రస్థాన మిత్తుము. కాని ఆ యుత్సవము సైతము చరిత్రకు పూర్తిగా లోబడినది కాదు. వంతెన కట్టినది మేక్లాంగ్ నదిపై. పియర్ బూల్ 1952లో వ్రాసిన నవలయును, దానిని బట్టి సింహళమున చిత్రీకరింపబడి 1957లో వెలువడిన చలనచిత్రమును వంతెనను క్వై నదిపై నిలిపినవి. ప్రయాణికులు వచ్చి ఆ నదిని వెదకసాగిరి. తుదకు 1960ల దశాబ్దమున నది యొక్క ఆ భాగమునకే క్వైయై అని పేరు మార్చిరి. కథను బట్టి నదికి పేరిడిన దేశమున, లేని సంఖ్యను ఇంజనుకు వేసిన ఆంగ్లేయులను మనము ఎక్కువగా తప్పుపట్టరాదు.

ఇక కూలీల విషయము. మలయా రబ్బరు, కొబ్బరి తోటలకు దక్షిణభారతమునుండి కంగాణీల ద్వారమున పోయినవారిలో తమిళులు అధికులు. తెలుగువారును మలయాళీలును వారి తరువాతివారు. విశాఖపట్టణము, గోదావరి సీమలనుండి పోయిన తెలుగువారు దిగువ పేరాక్‌లోని బాగాన్ దాతో మున్నగు తావులందు గుంపులుగా స్థిరపడిరి. 1943లో జపానువారు ఈ తోటలనుండి వేలకొలది జనమును సయాంకు పంపిరి. మొదట మూడు నెలల పనియనియు, దినమునకు డాలరు కూలియనియు ఆశపెట్టిరి. జనము రాకపోగా బలవంతముగా పట్టిరి. ఉచిత ప్రదర్శనమను మిషతో పిలిచి లారీల కెక్కించిన ఉదంతములును గలవు. మలయానుండి పోయినవారు డెబ్బదియైదువేలకు మించుదురు. మూసిన సరకుపెట్టెలలో బాంపాంగ్ వరకు, అచటినుండి కాలినడకను అడవిలోనికి. ఖైదీలకు తమ దళములు, తమ అధికారులు, తమ వైద్యులు ఉండిరి. కూలీలకు ఎవరును లేరు.

ఆ కూలీలను గూర్చి మనకు దొరకు వర్ణనలు చాలవరకు యూరోపియను ఖైదీల దినచర్యలయందును స్మృతులయందును ఉన్నవి. వానిలో భారతీయ కూలీ కనబడిన చోటనెల్ల సామాన్యముగా వాడిన మాట 'తమిళులు' అని. ఇది వ్రాసినవారి తప్పుగా మేము ఎంచము; దూరమునుండి చూచినవారికి భాషాభేదము తెలియదు. కాని 1921, 1931 మలయా జనగణనములు తెలుగువారిని వేరుగా లెక్కించినవి. ఆ లెక్కలలో ఉన్న జనము అడవిలోనికి పోగానే ఒక్క మాటలో కలిసిపోయినది. మనవారికి ఈ గతి క్రొత్త కాదు. మలయా జనులు భారతీయులను పిలిచిన 'కెలింగ్' అను పేరు కళింగమునుండి వచ్చినదని పండితుల మతము. మన సీమ పేరు అందరికిని చెల్లినది. బర్మాలో మనవారిని ఓడరేవు పేరున 'కోరంగీలు' అనిరి. సయాం మార్గమున మాత్రము పొరుగువారి పేరున మరణించిరి. మలేసియా తమిళ రచయితలు ఈ మార్గమును గూర్చి నవలలు వ్రాసిరి, బ్రతికి వచ్చినవారి మాటలను సేకరించిరి. ఆ సేకరణలయందు ఊరిపేర్లను, ఇంటిపేర్లను బట్టి తెలుగువారిని గుర్తించుట పరిశోధక విద్యార్థులకు తగిన పని. బాగాన్ దాతో ప్రాంతపు కుటుంబములలోని పాటలును పలుకుబడులును ఈ దృష్టితో పరిశీలింపదగినవి.

ఈ అజ్ఞాతత్వమునకు ఎదురుగా ఇంజనుల లెక్కను చూడుడు. సి-56 44 తయారైనది 1936లో. 1941లో సైన్యమున చేరినది. థాయి దేశమున 735 అయినది. 1979లో తిరిగి వచ్చి మరల 44 అయినది. ఏ యేట ఏ షెడ్డున ఉన్నదో చెప్పుటకు కాగితములు గలవు. యంత్రమునకు సంఖ్య తెగలేదు. ఖైదీలకును సంఖ్యలు ఉండెను. వారు ప్రాణాపాయమునకు వెఱవక మృతుల జాబితాలను దాచిరి. ఆ జాబితాల సాయమున 1945లో సమాధుల అన్వేషణకు పోయిన బృందము మార్గము పొడుగున పదివేలకు పైగా సమాధులను గుర్తించెను. నేడు కాంచనబురి శ్మశానవాటికలో సుమారు ఏడువేలు, చుంగ్‌కాయ్‌లో 1,700కు పైగా, తన్‌బ్యూజయాత్‌లో 3,700కు పైగా సమాధులు గలవు. అన్నియు ఖైదీలవే. కూలీల యెముకలు 1990లో కాంచనబురి వద్ద పొలములో త్రవ్వుచుండగా వందలకొలది బయటపడినవి. వానిలో ఏ యెముక ఏ భాషవానిదో చెప్పువారు లేరు.

కావున ఇంజనుల పరిరక్షణము యంత్రశాస్త్రజ్ఞుల పని మాత్రమే యని మేము తలపము. ఇంజను ప్రక్కన నిలుపు పలక ఇంజనుతో సమానమైన భాగము. యాసుకునిలోని ఇంజనుకు ఉత్తమమైన అద్దాల గది యున్నది, పలక అసంపూర్ణము. ఓయిగావా ఇంజనుకు ప్రాణమున్నది, జ్ఞాపకము తక్కువ. ఇందుకు భిన్నముగా, తన్‌బ్యూజయాత్ వద్ద 2016లో తెరచిన మ్యూజియమున, ఉత్తరపు కొసలో, ఒక సి-56 ఇంజను పట్టాలపై నిలిచియున్నది. అది నడువదు, అద్దాల గదియు లేదు. కాని చూపరులు దాని సమీపముననే శ్మశానవాటికనుగూడ చూతురు.

కాంచనబురిలో వంతెన చెంత ప్రదర్శనకు నిలిపిన ఇంజనును చూడబోవువారు, అనతిదూరమున నదియొడ్డున నున్న మరియొక వస్తువునుగూడ చూడవలెను. 1944లో, యుద్ధము ముగియకమునుపే, రైల్వే రెజిమెంటువారు ఆ పనిలో మరణించినవారి కొరకు అచట ఒక స్మారకస్తంభమును కట్టించిరి. కట్టించినవారి మనసులో ఏమున్నదో చర్చనీయమే. ఆ ఆవరణమందలి పలకలపై జపాను, థాయి, ఇంగ్లీషు, చీనా, మలాయి భాషలతోపాటు తమిళముననుగూడ మృతులకు శాంతి కోరుచు వాక్యములు చెక్కియున్నవి. మలయా తోటలనుండి పోయిన మనవారికొరకు ఆ మార్గమున రాతిపై వ్రాయబడినవానిలో అది యొకటి. ప్రతి సంవత్సరము మార్చి నెలలో అచట సంస్మరణము జరుగును.